మన పెద్దల మరణ నమోదులు ఎక్కడ దొరుకుతాయి? (విజయనగరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. చాలామంది చేతుల్లో కాగితాలు కనబడుతున్నాయి, వంశవృక్షాలు గీసుకుని మరీ వచ్చారు, కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్ళిపోతాను. నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఉన్నప్పుడూ, దిగిపోయాక కూడా జనం నన్ను ఎక్కువగా అడిగింది ఒక్కటే, "బాబూ, మా తాత ఎప్పుడు పోయాడో కాగితం దొరుకుతుందా?" అని.

దొరుకుతుంది. అందరిదీ దొరకదు గానీ, మనం ఆశ వదిలేసుకున్న వాటిలో చాలా దొరుకుతాయి. దొరకనప్పుడు కూడా ఎక్కువసార్లు రికార్డు లేక కాదు, మనం వేరే చోట వెతకడం వల్ల.

మరణం నమోదయ్యేది సొంతూళ్ళో కాదండీ. పుట్టిన ఊళ్ళో కాదు, ఆస్తులున్న ఊళ్ళో కాదు, దహనం చేసిన ఊళ్ళో కూడా కాదు. ప్రాణం ఎక్కడ పోయిందో అక్కడ. ఇది చట్టం చెప్పే మాట. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్ళకి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మనవాళ్ళు ఒంట్లో బాగాలేకపోతే విశాఖపట్నంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్తారు, అక్కడ పోతే శవాన్ని వ్యాన్‌లో ఊరికి తెచ్చుకుని ఊరి శ్మశానంలోనే కార్యం చేస్తారు, పదో రోజు పన్నెండో రోజు అన్నీ ఊళ్ళోనే జరుగుతాయి, ఊరంతా వచ్చి భోజనం చేసి వెళ్తారు, దాంతో తాత ఊళ్ళోనే పోయాడని మనవళ్ళకి నమ్మకం స్థిరపడిపోతుంది. ఆ నమ్మకంతో పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్తారు. ఆయన పుస్తకం తిరగేసి లేదంటాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ నమోదు విశాఖ నగరపాలక సంస్థలో ఉంటుంది. ఊరు చీపురుపల్లి కావచ్చు, టెక్కలి కావచ్చు, రికార్డు మాత్రం విశాఖలోనే.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళని "ఎప్పుడు పోయాడు" అని అడిగే ముందు "ఎక్కడ పోయాడు, మంచం మీదా, ఆసుపత్రిలోనా, దారిలోనా" అని అడగండి. ఆ ప్రశ్న నోట్లోంచి రావడం కష్టమే, నాకు తెలుసు. అయినా అడగండి, వాళ్ళు ఉండగానే అడగండి.

రెండోది, ఆ చోటు ఆ ఏడాదిలో ఎవరి కింద ఉండేది? ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ తికమకపడతారు. పార్వతీపురం సంగతి చూడండి. 1950 ఆగస్టు దాకా విశాఖపట్నం జిల్లా. ఆ తర్వాత శ్రీకాకుళం జిల్లా. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు మనలో కలిసింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు, జిల్లా పేరు మూడుసార్లు మారింది. బొబ్బిలిది కూడా ఇదే దారి, కాకపోతే అది మనతోనే ఉండిపోయింది. రాజాం వాళ్ళు 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. ఇక అటు ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపు వెళ్తే, అసలు శ్రీకాకుళం పట్టణంతో సహా 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక మిగిలిన తెలుగు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. అంటే 1930లో సోంపేటలో పోయిన మనిషి కాగితాలు జిల్లా స్థాయికి వెళ్ళి ఉంటే గంజాం పేరు మీదే వెళ్ళాయి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ పై స్థాయి రికార్డులు చూడాలంటే చెన్నై ఎగ్మోర్‌లో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్ ఒక దారి. కానీ అక్కడ మీ ముత్తాత పేరు దొరుకుతుందని బయల్దేరకండి. అక్కడ ఎక్కువగా ఉండేవి ఉత్తర్వులూ, నివేదికలూ, లెక్కలూ. పేరు దొరికేది కింద, ఊరి పుస్తకంలో.

ఆ ఊరి పుస్తకం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చూసినవాళ్ళు తక్కువ.

పాత రోజుల్లో ఊళ్ళో మరణాలు రాసేవాడు మునసబు. తలారి వచ్చి ఫలానా ఇంట్లో ఫలానా మనిషి పోయాడని చెప్పేవాడు, మునసబు పుస్తకంలో ఎక్కించేవాడు, ఆ లెక్క తాలూకాకి వెళ్ళేది. 1899లో మద్రాసు ప్రభుత్వం జనన మరణాల నమోదుకి చట్టం చేసింది. పట్టణాల్లో మునిసిపాలిటీ వాళ్ళు రాసేవారు. ఇప్పుడున్న చట్టం 1969ది, 1970 నుంచి అమల్లో ఉంది. 1984లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలు రద్దు చేసింది, మరుసటేడు తాలూకాల చోట మండలాలు వచ్చాయి. ఆ రెండేళ్ళలో మన గ్రామాల పుస్తకాలు చేతులు మారాయి. కొన్ని పద్ధతిగా అప్పగించారు, అవి తాలూకా ఆఫీసు నుంచి మండల ఆఫీసు రికార్డు రూముకి చేరాయి. కొన్ని పాత మునసబుగారి ఇంటి అటక మీదే ఉండిపోయాయి. మీ ఊళ్ళో పాత మునసబు కుటుంబం ఎవరో కనుక్కుని మర్యాదగా వెళ్ళి అడగండి. వాళ్ళకీ ఆ పుస్తకాల విలువ తెలుసు, సాధారణంగా కాదనరు.

నేను చూసిన ఒక పుస్తకం చెప్తాను. అట్ట ఊడిపోయింది, పక్కన నూలుదారంతో కుట్టి ఉంది, కాగితం అంచులు ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. వరస నంబరు, తేదీ, పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఆడా మగా, వయసు, కులం, ఆ పక్కన కారణం. కారణం గడి మళ్ళీ చిన్న చిన్న గళ్ళుగా చీలి ఉంది, కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, గాయాలు, ఇతరములు అని. ఏ గడిలో పడితే ఆ గడిలో ఒక గీత. వయసు దగ్గర 40, 50, 60 తప్ప 47 అని ఎక్కడా కనబడలేదు, ఎందుకంటే అది చుట్టాలు చెప్పిన అంచనా, పుట్టిన తేదీ తెలిసి రాసింది కాదు. ఒక పేజీలో పైనుంచి కిందిదాకా గీతలన్నీ కలరా గడిలోనే ఉన్నాయి. ఒకే ఇంటిపేరు వాళ్ళు వరసగా, తల్లి, తర్వాత కొడుకు, రెండు రోజులకి "ఆడ శిశువు" అని పేరు లేని బిడ్డ. మునసబు చేతిరాత పై వరసల్లో గుండ్రంగా, తీరుగా ఉంది, కిందికి వచ్చేసరికి ఒంకరలు పోయింది. ఒక ఇంటి చరిత్ర ఎక్కడ తెగిపోయిందో ఆ పేజీ చెప్పినంత స్పష్టంగా ఏ వంశవృక్షమూ చెప్పదు.

అందుకే మీ మనిషి పేరు దొరకగానే ఆ ఒక్క వరస రాసుకుని వచ్చేయకండి. పై వరసలు, కింది వరసలు చదవండి. వారం ముందు ఎవరు పోయారు, వారం తర్వాత ఎవరు పోయారు, అదే ఇంటిపేరు ఇంకెక్కడైనా ఉందా చూడండి.

ఇప్పుడు పేర్ల సంగతి. మన వైపు పేర్లు మీకు తెలిసినవే. అప్పన్న, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, సింహాచలం, పైడిరాజు, కూర్మయ్య, ముఖలింగం, అసిరయ్య, తవిటయ్య, తవిటమ్మ. ఒక ఊళ్ళో ఒక తరంలో ఆరుగురు అప్పన్నలు ఉండటం పెద్ద విశేషం కాదు. వాళ్ళలో మీ అప్పన్న ఎవరో తేల్చేది తండ్రి పేరు. తాత పేరు మాత్రమే తెలిసి ముత్తాత పేరు తెలియకుండా వెళ్తే పుస్తకం ముందు కూర్చుని ఏమీ తేల్చుకోలేరు. ఇంటిపేరు కూడా ఎప్పుడూ రాయరు. రాసినా ఇప్పుడు మీరు రాసుకునే తీరులో ఉండదు. సూర్యనారాయణ అని రికార్డుల్లో ఉన్న మనిషిని ఊరంతా సూరయ్య అని పిలిస్తే, తలారి చెప్పింది సూరయ్య అనే. కాబట్టి ముద్దు పేరు, పిలుపు పేరు, పెట్టిన పేరు, మూడూ రాసుకుని వెళ్ళండి.

ఆడవాళ్ళ విషయంలో ఇంకా కష్టం. "రామయ్య భార్య" అని తప్ప పేరు లేని వరసలు నేను చాలా చూశాను. ఆవిడ ఈ ఊరికి కోడలిగా వచ్చి, ఏడుగురిని కని, ముగ్గురిని పోగొట్టుకుని, పొలంలో పనిచేసి పోతే ఆమె పేరు రాయడానికి గడి ఉండి కూడా రాయలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆవిడ పేరు కావాలంటే పుట్టింటి వైపు వెతకండి. ఆమె అన్నదమ్ముల పిల్లలకి, మనవళ్ళకి తెలిసి ఉంటుంది, మీ ఇంట్లో మరిచిపోయిన పేరు వాళ్ళ ఇంట్లో ఇంకా ఎవరో ఒక మనవరాలికి పెట్టి ఉంటారు.

ఊరి పేరూ చూసుకోవాలి. మనది వలసలూ, పేటలూ, అగ్రహారాలూ ఉన్న ప్రాంతం. మీ ఊరు శివారు గ్రామం అయితే పుస్తకం అసలు గ్రామం పేరు మీద ఉంటుంది. లక్ష్మీపురాలూ జగన్నాథపురాలూ ఒక్కో జిల్లాలో ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు, కాబట్టి తాలూకా పేరు కలిపి రాయకపోతే దరఖాస్తు తిరిగొస్తుంది.

తేదీ తెలియదు కదా ఎలా అని అడుగుతారు. తేదీ తెలియకపోయినా మన ఇళ్ళలో గుర్తులు ఉంటాయి. తద్దినం పెట్టే ఇళ్ళయితే తిథి కచ్చితంగా తెలుసు, సంవత్సరం పేరు కూడా కొందరికి తెలుసు. ఉదాహరణకి "విళంబి సంవత్సరం, పుష్య బహుళ ఏకాదశి" అన్నారనుకోండి. ఆ విళంబి 1958 ఉగాదితో మొదలైంది, దాంతో 1958 రిజిస్టరు అడుగుతారు, అందులో ఉండదు. ఎందుకంటే పుష్యమాసం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. మీరు అడగాల్సింది 1959 రిజిస్టరు. పుష్యం రెండో సగం, మాఘం, ఫాల్గుణం ఏవైనా ఇలా లెక్క చూసుకోవాలి. అలాగే అరవై ఏళ్ళకోసారి అదే పేరు మళ్ళీ వస్తుంది, విళంబి 2018లో మళ్ళీ వచ్చింది, 1898లోనూ ఉంది, ముత్తాతల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

తిథులు పాటించని ఇళ్ళలోనూ దారి ఉంది. సంక్రాంతికి మన దగ్గర పెద్దల పండగ చేస్తాం కదా, కొత్త బట్టలు పెట్టి పెద్దల్ని తలచుకుంటాం. ఆ రోజు ఇంట్లో పెద్దావిడ ఏ వరసలో ఎవరి పేర్లు చెబుతుందో పక్కన కూర్చుని రాసుకోండి. ఎవరు ముందు పోయారో ఎవరు తర్వాత పోయారో చాలావరకు ఆ వరసలోనే తెలుస్తుంది. ఇంకా "రంగం నుంచి నడిచొచ్చిన ఏడు" అంటారు, రంగం అంటే రంగూన్, అది 1942, జపాను వాళ్ళు బర్మా మీదికి వచ్చినప్పుడు మనవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొచ్చిన ఏడాది. "విశాఖలో బాంబు పడిన ఏడు" అన్నా అదే, ఏప్రిల్ 6. ఇలాంటి మాట ఒకటి దొరికితే ముందు రెండేళ్ళు, వెనక రెండేళ్ళు వేసుకుని వెతకొచ్చు.

ఇంకో పద్ధతి చెప్తాను, నా అనుభవంలో దీన్ని మించింది లేదు. మనిషి బతికున్నట్టు చూపించే ఆఖరి కాగితం, పోయినట్టు చూపించే మొదటి కాగితం, ఈ రెండూ పట్టుకోండి. తాత స్వయంగా వేలిముద్ర వేసిన క్రయ దస్తావేజు 1961లో ఉంది. 1966లో కొడుకులు పంపకాల దస్తావేజు రాసుకున్నారు, అందులో "కీర్తిశేషులు" అని ఉంది. అంటే వెతకాల్సింది ఆ అయిదేళ్ళే. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా కోసం దరఖాస్తు వేస్తే దస్తావేజు నంబర్లు వస్తాయి, వాటితో నకళ్ళు తీసుకోవచ్చు. విజయనగరం, బొబ్బిలి లాంటి సంస్థానాల కింద ఉన్న ఊళ్ళయితే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత భూముల సెటిల్‌మెంటు జరిగింది, ఆ రికార్డులో పట్టా ఎవరి పేర ఇచ్చారో చూస్తే అప్పటికి తాత ఉన్నాడా, నాయనమ్మ పేర పట్టా వచ్చిందా అన్నది తెలిసిపోతుంది.

ఇక దరఖాస్తు. దీని గురించి టెన్షన్ పడాల్సిందేమీ లేదు. 1969 చట్టంలో 17వ సెక్షన్ ఉంది. రిజిస్టరులో వెతికించమని అడిగే హక్కు, మరణ నమోదు నకలు తీసుకునే హక్కు ఆ సెక్షన్ ఇస్తుంది. వెతికే ఏడాదుల్ని బట్టి కొద్దిపాటి రుసుము ఉంటుంది. ఇటీవలి మరణాలకి ఊళ్ళోని గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో పని అయిపోతుంది. పాతవాటికి కంప్యూటరులో కనబడలేదని చెబితే అక్కడితో ఆగిపోకండి. కంప్యూటరులో లేకపోవడం, పుస్తకంలో లేకపోవడం ఒకటి కాదు. నిబంధనల ప్రకారం మరణ రిజిస్టరు శాశ్వతంగా ఉంచాల్సిన రికార్డు, నాశనం చేయకూడదు. ఆ సంవత్సరం అయిపోయాక మరో పన్నెండు నెలలు రిజిస్ట్రారు దగ్గర ఉండి, తర్వాత భద్రపరిచే అధికారి దగ్గరికి వెళ్ళాలి. అందుకని అడగాల్సిన ప్రశ్న, "ఫలానా ఊరి, ఫలానా ఏడాది రిజిస్టరు ఇప్పుడు ఎవరి కస్టడీలో ఉంది?"

ఈ ప్రశ్నకి నోటిమాటగా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం వాడండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కానీ సమాచార హక్కు దరఖాస్తులో "మా తాత మరణ తేదీ చెప్పండి" అని రాయకండి. "ఈ గ్రామానికి చెందిన మరణ రిజిస్టర్లు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా మీ ఆఫీసులో ఉన్నాయి, లేనివి ఎవరికి అప్పగించారు, అప్పగింత కాగితం నకలు ఇవ్వండి" అని రాయండి. వెతకమని అడిగితే ఒక్క మాటలో లేదనేయొచ్చు. జాబితా అడిగితే రికార్డు రూము తలుపు తీయాల్సిందే.

మామూలు దరఖాస్తులో ఏం రాయాలి అంటే, చనిపోయిన వ్యక్తి పేరు, పిలుపు పేరుతో సహా, తండ్రి లేదా భర్త పేరు, శివారుతో అసలు గ్రామం, పాత తాలూకా, ఇప్పటి మండలం, వెతకాల్సిన సంవత్సరాలు, మీకూ ఆయనకీ చుట్టరికం. ఒక్కో దరఖాస్తులో సంవత్సరాలు మూడుకి మించకుండా అడగండి, పాతికేళ్ళు రాస్తే ఆ దరఖాస్తు ఫైలు కిందికి వెళ్ళిపోతుంది. ఉద్దేశం దగ్గర "కుటుంబ చరిత్ర కోసం" అని ఉన్నదున్నట్టు రాయండి. భూమి తగాదా అనుకుంటే ఆఫీసులో అందరూ జాగ్రత్త పడిపోతారు, కుటుంబ చరిత్ర అని తెలిస్తే కూర్చోబెట్టి మాట్లాడినవాళ్ళని కూడా చూశాను. మధ్యాహ్నం భోజనాల వేళ కాకుండా, జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్సు జరిగే సోమవారం కాకుండా వెళ్ళండి.

(సభలోంచి ఒకావిడ: మాది కవిటి దగ్గరండీ. మా తాతయ్య, పెదనాన్న ఇద్దరూ కిడ్నీ జబ్బుతోనే పోయారంటారు. మరణ ధృవీకరణలో అది ఉంటుందా?)

ఉండదమ్మా. చట్టం ప్రకారం మరణ నమోదు నకలులో చావుకి కారణం బయటపెట్టకూడదు. రిజిస్టరు కోసం సమాచారం తీసుకునేటప్పుడు కారణం అడుగుతారు, కానీ బయటికిచ్చే కాగితంలో అది రాదు. మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో మీలాంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, మా పెద్దల్లో ఎవరెవరికి వచ్చిందో తెలుసుకుంటే పిల్లలకి ముందే పరీక్ష చేయించుకోవచ్చని అడుగుతారు, అది చాలా న్యాయమైన ప్రశ్న. దానికి మరణ రికార్డు మీద ఆధారపడకండి. ఇంట్లో దాచిన ఆసుపత్రి చీటీలు, డయాలసిస్ కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు ఉంటే అవి తీయండి. అవి లేకపోతే కాళ్ళు వాచాయా, ఎన్నాళ్ళు మంచాన పడ్డారు, ఏ వయసులో మొదలైంది అన్నది దగ్గరుండి చూసుకున్న మనిషిని అడిగి రాసుకుని డాక్టరుకి చూపించండి. ఇంటి దగ్గర పోయిన పాతకాలం మనిషికి రిజిస్టరులో కారణం రాసి ఉన్నా అది డాక్టరు చెప్పింది కాదు, ఇంటివాళ్ళు చెప్పింది.

(మరొకరు: మా ముత్తాత రంగం ఎల్లిపోనాడు, మరి రానేదు. ఆయనకి ఎక్కడ వెతకాలి?)

ఈ మాట మన జిల్లాల్లో వినని ఊరు లేదు బాబూ. రంగూన్‌లో పోతే ఇక్కడి పుస్తకంలో ఉండదు. కానీ ఆయన వెళ్ళాక ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ ఉంటుంది. భూమి భార్య పేరుకి ఎప్పుడు మారింది, ఆవిడ ఏ దస్తావేజులో భర్త పేరు ముందు "కీర్తిశేషులు" పెట్టింది, కర్మకాండ ఎప్పుడు చేశారు, అవన్నీ చూడండి. కబురు వచ్చిన తేదీ దొరికినా దాన్ని కబురు వచ్చిన తేదీగానే రాయండి, మరణ తేదీ అని రాయకండి. ఖరగ్‌పూర్ రైల్వేకి వెళ్ళినవాళ్ళకి ఆ పట్టణంలో, రైల్వే సర్వీసు కాగితాల్లో వెతకొచ్చు. మారిషస్‌కి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళ రికార్డులు అక్కడ మోకాలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, వాటిలో కూలీ తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసి ఉంటాయి.

క్రైస్తవ కుటుంబాలకి ఇంకో ఆధారం ఉంది. బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలిలో కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు పనిచేశారు. చర్చి సభ్యుల పుస్తకం, సమాధుల పుస్తకం ఉన్నాయేమో పాస్టరుగారిని అడగండి. ఇక్కడ కంటోన్మెంటులో ఉన్న తెల్లవాళ్ళ, ఆంగ్లో ఇండియన్ల ఖననాల ప్రతులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి, మద్రాసు శ్రేణి ఎన్ 2 కింద ఉంటాయి. ముస్లిం కుటుంబాలు మసీదు కమిటీని, ఖబరస్తాన్ చూసేవాళ్ళని కనుక్కోవచ్చు. గయకో పూరీకో వెళ్ళి పిండం పెట్టినవాళ్ళుంటే అక్కడి పండా, అంటే యాత్రికుల పురోహితుడి పుస్తకంలో మీ ఊరి పేరు మీద తరాల పేర్లు ఉండే అవకాశం ఉంది.

అన్నీ వెతికాక కూడా దొరకలేదనుకోండి, "నమోదు లేదు" అని రాసిన ధృవీకరణ అడిగి తీసుకోండి, దానికి ఫారం 10 ఉంది. ఏ ఊరు, ఏ సంవత్సరాలు వెతికారో అందులో ఉంటుంది, రేపు మీ మనవడు మళ్ళీ అదే పుస్తకం తిరగేయక్కర్లేదు. పాత మరణాన్ని ఇప్పుడు కొత్తగా నమోదు చేయించుకోవచ్చా అని అడుగుతారు. ఏడాది దాటిన మరణానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, 2023 సవరణ తర్వాత జిల్లా, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటులు చూస్తున్నారు, మన దగ్గర సబ్ డివిజనల్ అంటే ఆర్డీవోగారే. వారసత్వం కోసమో ఆస్తి కోసమో అయితే వెళ్ళండి. వంశవృక్షం కోసమైతే వద్దు, నా అభిప్రాయం గట్టిగా చెప్తున్నాను. అరవై ఏళ్ళ నాటి చావుకి ఇవాళ సాక్షులతో అఫిడవిట్లు రాయిస్తే వచ్చేది అంచనా తేదీ, దానికి ప్రభుత్వ ముద్ర పడితే ఆ తర్వాత దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

రెండు కాగితాల్లో రెండు తేదీలు ఉంటే రెండూ ఉంచండి. సమాధి రాయి మీద ఒకటి, రిజిస్టరులో ఒకటి, తద్దినం తిథి ప్రకారం ఇంకొకటి రావచ్చు. ఒకటి కొట్టేసి ఒకటి ఉంచకండి, పక్కన ఎక్కడ చూశారో రాయండి, ఏ ఆఫీసు, ఏ పుస్తకం, ఎన్నో పేజీ, చూసిన తేదీ. ఫోటో తీయనిస్తే పేజీ మొత్తం తీయండి, పుస్తకం అట్టది కూడా. తీయనివ్వకపోతే అక్కడే కూర్చుని ఉన్నది ఉన్నట్టు, తప్పులతో సహా, చేత్తో దించుకోండి. దరఖాస్తు నమూనా పది కాపీలు బల్ల మీద పెట్టాను, చాలకపోతే పక్కన జిరాక్స్ షాపు ఉంది, తీయించుకోండి. కాగితాలు తెచ్చినవాళ్ళు ఇటు రండి, ఒక్కొక్కటీ చూద్దాం.